శుక్రవారం సాయంత్రం దాకా

“ఒక్క కోటు తొడుక్కోడానికి ఇంతసేపా అమ్మా?” అని ఒలావి మ్యూజియం తలుపు దగ్గర నిలబడి అడిగాడు. అతను అమ్మా అన్నది కన్నతల్లిని కాదు, కట్టుకున్న భార్యని. పెద్దపిల్ల సతు పుట్టిన నాటి నుంచి, అంటే పద్నాలుగేళ్ళుగా, కైసు ఆ ఇంట్లో పేరు పోగొట్టుకుని అమ్మ అయింది. వాళ్ళ వైపు మగవాళ్ళు పిల్లల ముందు పెళ్ళాన్ని అలాగే పిలుస్తారు, పిల్లలు పక్కన లేకపోయినా ఆ అలవాటు పోదు. ఇక కన్నతల్లి హిల్మా గోడవార బల్ల మీద కూర్చుని, రెండు కాళ్ళూ ముందుకి చాపి, కోడలు వచ్చి బూట్లు ఎప్పుడు తొడుగుతుందా అని చూస్తోంది.

 జవాబు చెప్పడానికి కైసు నోరు ఖాళీగా లేదు. చిన్నవాడు మికా చేతి తొడుగు ఒకటి పళ్ళ మధ్య కరుచుకుని, రెండోది వాడి చేతికి ఎక్కిస్తోంది. ఆరేళ్ళ పిల్లాణ్ణి ఫిబ్రవరి చలిలోకి తీసుకెళ్ళాలంటే ఊలు చొక్కా, ఊలు లాగు, రెండు జతల మేజోళ్ళు, వాటి పైన మెడ నుంచి మడమ దాకా పట్టే దళసరి తొడుగు, మఫ్లరు, టోపీ, బూట్లు. దేనికీ వరస తప్పకూడదు, తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. లోపలికి రాగానే సగం విప్పాలి, బయటికి పోయేటప్పుడు ఆ సగమూ మళ్ళీ వెయ్యాలి. అన్నీ వేసి జిప్పు గడ్డం దాకా లాగాక వాడు ఒంటేలుకి వస్తోందంటాడు. ఇవాళ కూడా అన్నాడు.

వాణ్ణి తీసుకెళ్ళి తీసుకొచ్చి, మళ్ళీ మొదటి నుంచి తొడిగింది. పదేళ్ళ యూహా తన చేతి తొడుగు ఒకటి పోయిందన్నాడు. అది వాడి కోటు చేతిలోనే ఇరుక్కుని ఉంది. అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించింది. ముసలావిడ మోకాళ్ళు వంగవు, నడుము అంతకంటే వంగదు. ఒలావి మాత్రం రెండు ఊపుల్లో కోటు తొడుక్కున్నాడు, అందులో అబద్ధం లేదు. ఆ కోటుని అప్పగించిన చోటి నుంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది కైసే. చివరికి తన కోటు వేసుకునే సరికి వెచ్చటి హాల్లో ఆమె వీపంతా చెమట. గుండీలు ఒకటి ఎక్కువ తక్కువగా పెట్టుకుని పరుగున బయటికి వచ్చింది. మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలిలో ఆ చెమట వీపుకి అట్టలా కట్టింది.

“వచ్చిందండీ మహారాణి” అన్నాడు ఒలావి. పిల్లలు నవ్వారు. కైసు కూడా నవ్వింది, అలవాటు కొద్దీ.

ఇది హెల్సింకిలో వాళ్ళ రెండో రోజు. ఇప్పటికి ఆమె చూసినవి కోట్లు అప్పగించే గదులు రెండు, మరుగుదొడ్లు మూడు, రైలు స్టేషను ఒకటి. మ్యూజియం లోపల ఏముందో ఆమెకి సరిగ్గా తెలియదు. అందరి కోట్లూ అప్పగించి, కోటుకి ఒకటి చొప్పున ఆరు నంబరు వేసిన ఇత్తడి బిళ్ళలు పుచ్చుకుని, నంబర్లు కలిసిపోకుండా లంగా జేబులో వేసుకుని, తడి చేతి తొడుగులు హీటరు మీద పరిచి, ఆమె మెట్లెక్కే సరికే మికా మెట్లు దిగి వస్తున్నాడు, ఆకలేస్తోందని. ఎలా ఉంది లోపల అని అడిగితే ఒలావి పెదవి విరిచాడు. పాత కవ్వాలు, పాలకుండలు, మనింట్లో లేనిదేముంది అన్నాడు.

వాళ్ళింట్లో పద్నాలుగు ఆవులున్నాయి. వాళ్ళది దేశానికి తూర్పున ఉన్న సావో సీమ. చుట్టూ అడవి, ఇంటి వెనక పెద్ద చెరువు, పక్కింటికి వెళ్ళాలంటే కిలోమీటరు. సావో వాళ్ళు మాట్లాడితే అర్థం చెప్పుకునే బాధ్యత వినేవాళ్ళదే అని మిగతా దేశం వాళ్ళు నవ్వుతారు. ఒలావి ఏ మాటా తెగేసి చెప్పడు. చూద్దాంలే అంటాడు, వీలైతే అంటాడు, రోజులు మిగిలితే అంటాడు. తాగడు, చెయ్యెత్తడు, ఇంటిల్లిపాదికీ కట్టెలు తనే కొడతాడు. ఇంతకన్నా మంచి మొగుడు ఎక్కడ దొరుకుతాడని ఊళ్ళో ఎవరినడిగినా అంటారు. కైసు కూడా నిన్న మంగళవారం పొద్దుటి దాకా అదే అనేది.

ఈ ప్రయాణం ఒలావి పెట్టిందే. బళ్ళకి వారం రోజులు మంచు సెలవులిచ్చారు. ఊళ్ళో పిల్లలు ఆ వారం స్కీల మీదే ఉంటారు, ఈసారి మనం రాజధాని చూసొద్దాం అన్నాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. హిల్మా డెబ్బై నాలుగేళ్ళ దాకా ఆ ఊరు చూడలేదు, ఇక చూడకుండానే పోతానేమో అనుకుంటోంది. ఏం చూడాలో ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు. మికా ట్రాము అన్నాడు, యూహా తిమింగలం ఎముకలు అన్నాడు, సతు పెద్ద దుకాణాలు అంది. కైసుని ఎవరూ అడగలేదు. అయినా ఆమె అంట్లు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే చెప్పింది. రేవు నుంచి దీవిలో ఉన్న కోటకి పడవ వెళ్తుందట, దాని మీద ఒక్కసారి ఎక్కాలి అని.

ఆమె తల్లి పెళ్ళికి ముందు హెల్సింకిలో రెండేళ్ళు ఒక ఇంట పనికి కుదిరింది. ఆ రెండేళ్ళలో ఆవిడ చూసిన ఒకే ఒక్క వినోదం ఆ పడవ. సముద్రం అంతా గడ్డకట్టి తెల్లగా ఉంటే, పడవ దాన్ని పగలగొట్టుకుంటూ పోతుందట. వెనక నల్లటి నీళ్ళ దారి తెరుచుకుంటుందట, కాసేపటికి మంచు ముక్కలు జరిగి జరిగి ఆ దారి మూసుకుపోతుందట. ఉన్ని ఏకుతూ, వడుకుతూ, ఆ తల్లి ఈ కథే ఎన్నిసార్లు చెప్పిందో. అందులో రాజు లేడు, రాక్షసుడు లేడు, ఒక పడవ, దాని మీద ఒక్కతే నిలబడ్డ ఒక పనిపిల్ల. కైసుకి అంతకన్నా గొప్ప కథ ఇంకోటి తెలియదు. శుక్రవారం వెళ్దాంలే అన్నాడు ఒలావి. శుక్రవారం ఆఖరి రోజు.

పాడి ఉన్న ఇంట్లోంచి అందరూ కలిసి నాలుగు రోజులు కదలాలంటే మాటలు కాదు. ఆవులకి మంచు సెలవులు తెలియవు. అందుకే పంచాయతీ వాళ్ళు బదులు మనిషిని పంపుతారు. రైతుకి సెలవు కావలసి వస్తే ఆ మనిషి వచ్చి పాలు పితికి, మేత వేసి, కొట్టం కడిగి వెళ్తుంది. ఇన్నాళ్ళూ ఏరో అనే ముసలాయన వచ్చేవాడు. ఆయన ఒలావితో కలిసి దుప్పుల వేటకి వెళ్ళే స్నేహితుల్లో ఒకడు. మొన్న క్రిస్మస్‌కి పని మానుకున్నాడు. ఆయన స్థానంలో రౌహా అనే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చేతులు పెద్దవి, మాట సూటిది.

మంగళవారం చీకటి పొద్దున ఒలావి స్టేషనుకి వెళ్ళే కారు ఇంజను వేడెక్కించడానికి బయటికి వెళ్ళాడు. కైసు దారి తిండి కట్టుకుంటోంది. ముందు రోజంతా నిలబడి చేపలు, పంది కొవ్వు లోపల పెట్టి ఏడు గంటలు కాల్చిన రెండు పెద్ద రై ధాన్యపు రొట్టెలు చేసింది, పై ఊరి తిండి అత్తగారికి పడదు కాబట్టి. రౌహా కొట్టంలోంచి వచ్చి, చేతులు తుడుచుకుని, బల్ల మీద ఒక కాగితం పెట్టింది. సంతకం కావాలంది.

ఒలావి వస్తాడు, ఉండండి, అలాంటివన్నీ ఆయనే చూస్తాడు అంది కైసు.

“ఆయన సంతకం నాకెందుకు కైసూ? సెలవు నీదైతే” అంది రౌహా. కాగితంలో చదివి పేరు పెట్టి పిలిచింది. తన పేరు ఆ వంటింట్లో వినిపించి ఎన్నాళ్ళయిందో కైసుకి గుర్తు రాలేదు. “మొన్న అక్టోబరులో కూడా ఎనిమిది రోజులు తీసుకున్నావు కదా. ఎటెళ్ళావు?”

కైసు ఎటూ వెళ్ళలేదు. అక్టోబరులో వేటకి వెళ్ళింది ఒలావి. ఏరో వచ్చి ఒలావి వంతు పని చేశాడు. కైసు వంతు పని కైసే చేసింది, ఆ ఎనిమిది రోజులూ తెల్లవారుజామున అయిదింటికి లేచి. అదే మాట చెప్పబోయి కాగితం వంక చూసింది. అక్కడ రైతుకీ రైతు భార్యకీ ఎవరి సెలవు వాళ్ళకి విడివిడిగా ఉంది. అలా ఉంటుందన్న సంగతే ఆమెకి తెలియదు. ఒలావి రోజులు పోయిన వసంతంలోనే చేపలకీ, సంఘం మీటింగులకీ అయిపోయాయి. ఆ తర్వాతవన్నీ ఆమె పేరు మీద ఉన్నాయి. జూలైలో అతను ఉత్తరాన నదికి చేపలు పట్టడానికి వెళ్ళిన మూడు రోజులు, ఆమె పేరు. అక్టోబరు వేట, ఆమె పేరు. ఈ హెల్సింకి ప్రయాణం నాలుగు రోజులు, అదీ ఆమె పేరే. వసంతంలో కొత్త లెక్క మొదలవగానే అతని రోజులు అతనికి మళ్ళీ పదిలంగా వస్తాయి.

నేను సంతకం పెట్టలేదే అంది. రౌహా సంచిలోంచి పాత కాగితం తీసి చూపించింది. సంతకం ఆమెదే. పక్కన బొటనవేలంత గోధుమరంగు మరక ఉంది, ఎండిపోయిన రై పిండి. అప్పుడు గుర్తొచ్చింది. పాల డెయిరీ కాగితాలతో పాటు ఒలావి ఇంకేవో తెచ్చి బల్ల మీద పెడతాడు. ఇక్కడో గీత గియ్యమ్మా అంటాడు. ఆమె చేతులు పిండిలో ఉంటాయి. ఒక వేలు మాత్రం తుడుచుకుని, చదవకుండా పెట్టేస్తుంది. మొగుడు తెచ్చిన కాగితం చదివి సంతకం పెట్టే ఆడది ఆ ఊళ్ళో ఎవరుంది? అదేదో అనుమానించినట్టు ఉండదూ?

రౌహా ఆమె ముఖం చూసింది. పెన్ను అందించింది. కైసు ఈసారి రెండు చేతులూ కడుక్కుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, సంతకం పెట్టింది. గులాబీ రంగు నకలు ఒకటి రౌహా చింపి ఆమె చేతికిచ్చింది.

“శుక్రవారం సాయంత్రం పాలు పితికే దాకా ఆ కొట్టం నాది. అప్పటిదాకా నువ్వు అందులో అడుగు పెడితే మాట నాకొస్తుంది” అంది రౌహా.

ఆ నకలు నాలుగు మడతలు పెట్టి కైసు లంగా జేబులో వేసుకుంది. రైల్లో ఉన్నంతసేపూ అది ఆమె తొడకి తగులుతూనే ఉంది. పిల్లలకి రొట్టె కోసిస్తూ, అత్తగారికి ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తూ, సతు వాంతికి కాగితం సంచి పట్టుకుంటూ, ఆమె ఒకే మాట అనుకుంది. నేను సెలవులో ఉన్నాను, ప్రభుత్వం వారి ముద్రతో. ఈ బండెక్కిన మా ఆరుగురిలో సెలవు తీసుకున్నది నేనొక్కదాన్నే. మరి మిగతా అయిదుగురూ కిటికీలోంచి చూస్తున్నారు, నేనెందుకు నిలబడి ఉన్నాను?

కోపం వెంటనే రాలేదు. ముందు సిగ్గేసింది. నలభై ఏళ్ళు వస్తున్న మనిషి తన సంతకం తను చదవలేదే అని. తర్వాత ఒలావి తరఫున తనే వాదించుకుంది, అదీ అలవాటే. ఆయనకి మోసం అనిపించి ఉండదు, ఇంట్లో బస్తా ఖాళీ అయితే పక్క బస్తా విప్పినట్టే విప్పి ఉంటాడు. నిజంగా అంతే అయి ఉంటుంది. కానీ అలా అనుకున్న కొద్దీ కోపం పెరిగింది. మోసం చేసిన వాడైతే కనీసం ఇది ఇంకొకరిదని తెలిసి తీసుకుంటాడు. ఒలావికి ఇంకొకరిదన్న సంగతే తట్టలేదు. పోయినేడు చెల్లెలికి ఆపరేషన్ అయితే నాలుగు రోజులు వెళ్ళి ఉంటానని అడిగింది. రోజులు మిగిలితే చూద్దాంలే అన్నాడు. రోజులు మిగల్లేదన్నాడు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు అనుకుని చెల్లెలికి ఉత్తరం రాసి, ఒక జత మేజోళ్ళు అల్లి పంపింది. ఆ మేజోళ్ళు గుర్తొచ్చి కైసుకి రైల్లోనే కళ్ళ నీళ్ళు తిరిగాయి. అత్తగారు చూసి, ఉల్లిపాయ ఏమీ తరగలేదే అంది.

బుధవారం మధ్యాహ్నం రాతి కొండని తొలిచి కట్టిన చర్చికి వెళ్ళారు. ఆ ప్రయాణంలో కైసుకి నచ్చిన చోటు అదొక్కటే. గొప్ప కట్టడం అని కాదు, అక్కడ కోట్లు విప్పనక్కర్లేదని. అందరూ కోట్లతోనే కూర్చున్నారు. పావుగంట పాటు ఎవరికీ ఏమీ తొడగలేదు, విప్పలేదు. పైన గుండ్రంగా వెలుతురు పడుతోంది. మికా ఆమె భుజానికి ఆనుకుని నిద్రపోయాడు, ఆ బరువు ఆమెకి హాయిగానే ఉంది. దేవుడా, ఈ పిల్లలు నాకు బరువు కాదు, అది నీకు తెలుసు అనుకుంది. వీళ్ళని చూసుకోవడాన్ని సెలవు అని రాసుకోవడమే నాకు బరువు.

సాయంత్రం బసలో ఆమె పన్నెండు చేతి తొడుగులు, పద్నాలుగు మేజోళ్ళు హీటరు మీద వరసగా ఆరేసింది. పాలు, వెన్న జంట కిటికీ అద్దాల మధ్య చలికి పెట్టింది. రొట్టె కోసి అందరికీ పంచింది. ఒలావి మంచం మీద పడుకుని, పక్కింటివాళ్ళకి బొమ్మ కార్డు రాసి పైకి చదివాడు. ఊరు బాగుంది, చలి బాగుంది, పిల్లలు ట్రాము ఎక్కారు, మా ఆవిడకి ఎన్నాళ్ళకో మంచి విశ్రాంతి దొరికింది అని. మనస్ఫూర్తిగానే రాశాడు. సతు తల పైకెత్తి తల్లి వంక చూసింది.  లేచి వచ్చి ఆరేసిన మేజోళ్ళు తిరగెయ్యడం మొదలుపెట్టింది. కైసుకి ఆ సాయం సంతోషం కలిగించాల్సింది. దానికి బదులు ఎందుకో భయం వేసింది.

గురువారం పొద్దున మళ్ళీ ఒక మ్యూజియం, మళ్ళీ ఆరు కోట్లు, ఆరు బిళ్ళలు. తిమింగలం ఎముకలు ఇక్కడే ఉన్నాయి. ఈసారి కైసు తోకని మాత్రం చూసింది, తల దాకా పోయేలోపు మికాకి ఆకలేసింది. కింద కాఫీ హోటల్లో పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నారు. హిల్మా చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని, సాసర్లో పోసుకున్న కాఫీ జుర్రుతోంది. ఈ ఊరివాళ్ళు చూస్తారు నానమ్మా అని సతు గొణిగితే, చూడనీ, నా డబ్బుతో వాళ్ళు జుర్రడం లేదుగా అంది.

ఒలావి గడియారం చూసుకున్నాడు. “చూడాల్సినవన్నీ అయిపోయాయి. మూడింటి బండి అందుకుంటే రాత్రికి ఇంట్లో ఉంటాం. ఒక రోజు కలిసొస్తుంది.” ఎల్లుండి శనివారం వాళ్ళ చెరువు మీద మంచుకి కన్నాలు వేసి చేపలు పట్టే పందెం ఉంది. గేలాలు సరిచేసుకోవాలి.

“మరి పడవో?” అంది కైసు.

“మంచు చూడ్డానికి పడవెందుకమ్మా? ఇంటి వెనక చెరువునిండా ఉంది, మే నెల దాకా చూసుకో” అన్నాడు. యూహా పగలబడి నవ్వాడు. ఒలావి కూడా తన హాస్యానికి తనే ముచ్చటపడ్డాడు. తర్వాత, ఆమెని బాధపెట్టానేమో అనిపించి కాబోలు, మంచి మాట చెబుతున్నట్టుగా అన్నాడు. “రేపు రౌహా ఎలాగూ ఉంటుంది. ఇద్దరూ కలిసి దూడల గది కడిగేసుకోవచ్చు. నీకూ పని తేలికవుతుంది.”

కైసు జేబులో చెయ్యి పెట్టింది. బిళ్ళలతో పాటు ఆ గులాబీ కాగితం కూడా వచ్చింది. దాన్ని విప్పి, అరచేత్తో మడతలు సాపు చేసి, ఒలావి కప్పు పక్కన పెట్టింది. 

“నేను శుక్రవారం సాయంత్రం దాకా సెలవులో ఉన్నాను ఒలావీ.”

“అందరం సెలవులోనే ఉన్నాం.”

“లేదు. నువ్వు లేవు. ఇందులో నా పేరొక్కటే ఉంది.”

అతను చదివాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, ఆ తర్వాత మెడ. ఎవరో ఒకరి పేరు రాయాలి కదా, ఇంట్లో నీవి నావి అని ఏముంటాయి అన్నాడు. పిల్లల ముందు ఇప్పుడెందుకు అని కూడా అన్నాడు.

“నీవీ నావీ ఒకటే అయితే, ఈ ఒక్క రోజు నా పేరు మీద ఉండనియ్యి” అంది కైసు. “అక్టోబరులో నేను ఎనిమిది రోజులు సెలవులో ఉన్నానట. ఎర్రావు ఈనింది ఆ వారమే. దూడ అడ్డం తిరిగితే మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగింది ఎవరనుకున్నావు? సెలవులో ఉన్న మనిషి.”

  ఒలావి కాగితం మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. అతని ముఖంలో కోపం లేదు. ఎన్నో ఏళ్ళుగా కూర్చుంటున్న కుర్చీ తనది కాదని ఎవరో చెప్పినట్టు ఉంది. చివరికి అతనికి దొరికింది ఒకే ఒక్క మాట. నువ్వు ఇక్కడే ఉండిపోతే బండిలో పిల్లల్ని ఎవరు చూస్తారు, మా అమ్మ మోకాళ్ళ సంగతేమిటి?

కైసు ఆ ఇత్తడి బిళ్ళలు తీసి బల్ల మీద ఒక్కొక్కటిగా పెట్టింది. ఒలావి ముందు నలభై, యూహా ముందు నలభై మూడు, సతు ముందు నలభై రెండు. మికాది నలభై నాలుగు, దాన్ని కూడా ఒలావి ముందే పెట్టింది. హిల్మాది నలభై ఒకటి. ఆ బిళ్ళ దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మా కాలంలో ఆవులకీ బదులు మనిషి లేదు, మనుషులకీ లేదు అని ఈ ముసలావిడ ఆమెని పదిహేనేళ్ళుగా దెప్పుతూనే ఉంది. రౌహా గడప తొక్కిన పొద్దున కూడా, ఏమిటో ఈ కాలం ఆడవాళ్ళ వైభోగం అంది. ఇప్పుడు ఏమంటుందో కైసుకి తెలుసు.

హిల్మా సాసరు కింద పెట్టింది. నోట్లో చక్కెర కరిగేదాకా ఆగింది.

“నాది ఏ నంబరు?” అంది.

“నలభై ఒకటి అత్తయ్యా.”

ముసలావిడ చెయ్యి చాపి బిళ్ళ తీసుకుంది. “నలభై ఆరేళ్ళు ఆ కొట్టంలో ఉన్నాను. ఎవరైనా ఒక్క కాగితం మీద నా పేరు రాసుంటే, నేను కూడా రైలెక్కి పోయేదాన్ని, వెనక్కి చూడకుండా” అంది, ఎవరి వైపూ చూడకుండా. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “నా బూట్లు యూహా తొడుగుతాడు. వాడి నడుము వంగుతుంది. నువ్వు లేచి చిన్నవాడి సంగతి చూడు, మూడింటి బండి అన్నావుగా.”

కైసుకి ఏడుపొచ్చింది. ఏడవకుండా కాఫీ తాగింది.

కైసు తప్ప అందరూ లేచి కోట్ల గది వైపు నడిచారు. హోటలు అద్దాల్లోంచి ఆ హాలు కనిపిస్తోంది. కోట్లు ఇచ్చే ఆవిడ కౌంటరు మీద అన్నీ పెట్టింది. సతు తన కోటు చంకలో పెట్టుకుని, అలవాటైన దానిలా మికా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వాడి మేజోళ్ళు అందుకుంది. అది చూసి కైసు కప్పు వదిలేసి ఒక్క ఉదుటున లేచింది. రాత్రి తనకి వేసిన భయం ఏమిటో ఇప్పుడు తెలిసింది. తను సెలవులో ఉంటే ఇంకో బదులు మనిషి తయారవుతోంది, ఆ మనిషికి పద్నాలుగేళ్ళు.

“సతూ, లే. నీ కోటు నువ్వు వేసుకో” అంది. “మికాని నాన్న చూస్తాడు.”

“నాన్నకి రాదమ్మా.”

“నాకూ వచ్చేది కాదు, నేర్చుకున్నాను.”

సతు మెల్లగా లేచింది. తల్లి ముఖం చూసి, మేజోళ్ళు తండ్రి చేతిలో పెట్టింది. తన కోటు వేసుకుని, అద్దంలో చూసుకుని మఫ్లరు సర్దుకుంది, ఆ ప్రయాణంలో మొదటిసారి తీరిగ్గా. ఒలావి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కైసు వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది, రెండో కాఫీ చెప్పింది.

ఒలావి ముందు మికాకి బూట్లు వేశాడు. దళసరి తొడుగు బూట్ల మీంచి ఎక్కదని అప్పుడు తెలిసి బూట్లు విప్పాడు. టోపీ పెట్టాక ఊలు చొక్కా గుర్తొచ్చింది. టోపీ తీశాడు. యూహా నానమ్మ కుడి బూటు ఎడమ కాలికి ఎక్కించబోతే ముసలావిడ తన చేతికర్రతో వాడి బూటు మీద తట్టింది. ఒలావి నుదుట చెమట పట్టింది. జిప్పు గడ్డం దాకా లాగి, అమ్మయ్య అనుకుని లేవబోతుంటే మికా ఏదో అన్నాడు. ఏమన్నాడో అద్దాల ఇవతలికి వినపడలేదు కానీ, ఒలావి కళ్ళు మూసుకోవడం చూసి కైసుకి తెలిసిపోయింది. ఆమె నవ్వింది. జాలి కూడా వేసింది. అయినా లేవలేదు.

నలభై నిమిషాలు పట్టింది. బయల్దేరే ముందు ఒలావి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గుండీలు ఒకటి ఎక్కువ తక్కువగా పెట్టుకున్నాడు. గది రేపటి దాకా మనదే ఉంది, కిటికీలో వెన్న మిగిలే ఉంది అన్నాడు. ఏదో పెద్ద మాట చెప్పాలని ఉంది అతనికి, సావో మనిషి కాబట్టి వెన్న గురించి చెప్పాడు.

“ఎప్పుడొస్తావు కైసూ?”

పద్నాలుగేళ్ళ తర్వాత ఆ పేరు అతని నోట వచ్చింది. అతనికే కొత్తగా తోచినట్టుంది, ఒకసారి ఆగాడు.

“రేపు పడవ దిగాక బండెక్కుతాను” అంది కైసు. “శనివారం పొద్దున ఆవుల దగ్గర నువ్వుండు. నేను నిద్రపోతాను. ఇంకో మాట. ఇక మీదట కాగితాలు చేతులు కడుక్కునే దాకా ఆగుతాయి. చదివి పెడతాను సంతకం.”

అతను తలూపాడు. చేపల పందెం గురించి ఏమీ అనలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె కాఫీ చివరి చుక్క దాకా తాగింది. మెట్లెక్కి తిమింగలం తల దగ్గరికి వెళ్ళి, ఎంతసేపు చూడాలనిపిస్తే అంతసేపు చూసింది. తర్వాత కిందికి వచ్చి జేబులో మిగిలిన ఒక్క బిళ్ళనీ కౌంటరు మీద పెట్టింది. నలభై అయిదు. కోట్లు ఇచ్చే ఆవిడ ఆమెని గుర్తుపట్టింది, మిగతా అయిదూ వెళ్ళిపోయాయే అంది. తెలుసు, ఇది నాది అంది కైసు.

కోటు వేసుకుంది. గుండీలు పై నుంచి కింది దాకా ఒక్కొక్కటీ దాని కంతలోనే పెట్టుకుంది. మఫ్లరు, టోపీ, చేతి తొడుగులు. వీపు మీద చెమట లేదు, తలుపు దగ్గర కేకేసే వాళ్ళు లేరు. హాల్లో గోడ గడియారం ఉంది, ఊరికే దాని వైపు చూసింది. ఒక్క కోటు తొడుక్కోడానికి ఆమెకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.